గత ఏడు రోజుల్లో మీరెంత శ్రమ చేశారు? – సర్వే చేసిన నా అనుభవం

ఫిజియోథెరపీ పీజీలో థీసిస్ కోసం విశాఖపట్నంలో 18 నుంచి 25 ఏళ్ల మధ్య వయసు వాళ్ల శారీరక శ్రమను కొలిచే పని తీసుకున్నాను. ప్రశ్నలు అడగాలి, వాళ్లు చెప్పింది రాసుకోవాలి, దాన్ని అంకెల్లోకి మార్చాలి. చూడ్డానికి చాలా తేలిక పని. ఏడు ప్రశ్నలు, ఒక సంతకం. గూగుల్ ఫామ్ తయారుచేసి కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేస్తే డేటా దానంతటదే వచ్చేస్తుందని మా బ్యాచ్‌లో చాలామంది సలహా ఇచ్చారు. నేను మాత్రం మనిషి ఎదురుగా కూర్చుని అడగాలనుకున్నాను. ఆ రెండింటికీ ఎంత తేడా ఉందో దగ్గర్నుంచి చూశాను కాబట్టి, ఇలాంటి సర్వే మొదలుపెట్టబోయే వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఈ పని నాకు ఎందుకు ముఖ్యమనిపించిందో ముందు చెప్పాలి. 2022 లెక్కల ప్రకారం ప్రపంచంలో పెద్దవాళ్లలో దాదాపు 31 శాతం మంది ఆరోగ్యానికి కావలసినంత శ్రమ చేయడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించింది. మన దేశంలో అయితే దాదాపు సగం మంది. ఆ వార్త అన్ని పేపర్లలోనూ వచ్చింది. కానీ ఆ లెక్కలకు ఆధారం ఎక్కడికక్కడ ఇంటింటికీ వెళ్లి, మనుషుల్ని అడిగి రాసుకున్న జవాబులే. అడగడంలో తేడా వస్తే దేశం లెక్కలోనూ తేడా వస్తుంది. కింది స్థాయిలో ఫామ్ పట్టుకుని కూర్చునే మనిషి మీద అంత బాధ్యత ఉంటుంది.

ప్రశ్నావళి ఎంచుకోవడం దగ్గరే కొంత టైం పట్టింది. ఐపాక్ (IPAQ) అని శారీరక శ్రమను అడిగి తెలుసుకునే అంతర్జాతీయ ప్రశ్నావళి ఒకటి ఉంది. 1998లో జెనీవాలో పరిశోధకులు కూర్చుని దాని రూపకల్పన మొదలుపెట్టారు. తర్వాత 12 దేశాల్లో, 14 కేంద్రాల్లో పరీక్షించి 2003లో ఫలితాలు ప్రచురించారు. అందులో ఏడు ప్రశ్నల చిన్న ఫామ్, 27 ప్రశ్నల పెద్ద ఫామ్ ఉన్నాయి. చిన్నది మొత్తం శ్రమ ఎంతో అడుగుతుంది. పెద్దది ఉద్యోగంలో ఎంత, రాకపోకల్లో ఎంత, ఇంటిపనిలో ఎంత, ఖాళీ సమయంలో ఎంత అని విడివిడిగా అడుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లది జీపాక్ (GPAQ) అని ఇలాంటి ప్రశ్నావళే ఇంకొకటి ఉంది, 16 ప్రశ్నలు. అందరికీ చిన్న ఫామ్, కొంతమందికి పెద్ద ఫామ్ కూడా వాడదామని మా గైడ్ మేడం చెప్పారు. ఆ నిర్ణయం ఎంత మంచిదో చివర్లో తెలిసింది.

తెలుగు చేయడం మామూలు పద్ధతిలోనే జరిగింది. ఇద్దరు విడివిడిగా తెలుగు చేశారు, రెండింటినీ కలిపాం, అసలు ఫామ్ చూడని మూడో మనిషి చేత మళ్లీ ఇంగ్లీషులోకి రాయించి సరిపోల్చాం. ఎథిక్స్ కమిటీ అనుమతికి మాత్రం చాలా ఓపిక పట్టాల్సి వచ్చింది.

లెక్క కట్టే పద్ధతి తెలియకపోతే మిగతా కథ అర్థం కాదు, అందుకని అది కూడా క్లుప్తంగా చెబుతాను. ఊరికే కూర్చున్నప్పుడు ఒంటికి ఖర్చయ్యే శక్తిని ఒక మెట్ అంటారు. ఐపాక్ లెక్కలో నడకకు 3.3 మెట్‌లు, ఓ మోస్తరు శ్రమకు 4, ఊపిరి బాగా ఎగపోసే కష్టమైన శ్రమకు 8. దాన్ని నిమిషాలతో, రోజులతో గుణించాలి. అరగంట చొప్పున వారంలో ఐదు రోజులు నడిస్తే 3.3 × 30 × 5, అంటే 495 మెట్-నిమిషాలు. అన్నీ కలిపి వచ్చిన మొత్తాన్ని బట్టి, ఎన్ని రోజులు చేశారన్నదాన్ని బట్టి మనిషిని తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అనే మూడు వర్గాల్లో ఒక దాంట్లో పెడతారు. ఒక షరతు ఉంది. ఏ శ్రమ అయినా ఒక్కసారిగా కనీసం పది నిమిషాలు చేసి ఉంటేనే లెక్కలోకి వస్తుంది.

ఇక అడగడం. మొదట్లో కొన్ని ఫామ్‌లు విద్యార్థుల చేతికే ఇచ్చి నింపమన్నాం, ఎలా ఉంటుందో చూద్దామని. డిగ్రీ అమ్మాయిల ఫామ్‌లు వరసగా సున్నాలతో వచ్చాయి. కష్టమైన శ్రమ సున్నా, ఓ మోస్తరు శ్రమ సున్నా, నడక దగ్గర "తెలియదు". ఆ సున్నాలు నాకు నమ్మబుద్ధి కాలేదు. అందులో ఒకమ్మాయిది పెద జాలారిపేట. అదే ఫామ్ పట్టుకుని తనతో మళ్లీ కూర్చున్నాను.

"ఏటీ చెయ్యనక్కా. కాలేజీకొస్తాను, ఇంటికెళ్తాను. ఎక్సర్‌సైజులకి టైమేదీ?" అంది.

ఫామ్‌లో ఉన్న ప్రశ్న మళ్లీ చదవలేదు. "నిన్న పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏం చేశావో చెప్పమ్మా" అని అడిగాను. అప్పుడు మొదలుపెట్టింది. లేవగానే సందులో కుళాయి దగ్గరికి వెళ్లి నీళ్లు పట్టి, బిందెలు ఒక్కొక్కటే మేడమీదికి మోయాలి. ఆపకుండా ఐదారు సార్లు ఎక్కి దిగాలి, మొత్తం పావుగంట. రోజూ ఆ పని తనదే, తమ్ముడు చిన్నవాడు. తర్వాత అమ్మతో పాటు ఒడ్డుకి. బోటు వచ్చిన రోజు చేపల గంప ఇసకలో నుంచి రోడ్డు మీద ఆటో దాకా మోసుకురావాలి. "ఇసకలో కాలు దిగిపోద్దక్కా, ఖాళీ చేతుల్తో నడవడమే కష్టం" అంది. ఆ వారంలో నాలుగు రోజులు వెళ్లింది, వెళ్లిన రోజు ఇరవై నిమిషాలకు తక్కువ కాదు. ఆ తర్వాత స్నానం చేసి కాలేజీకి బయల్దేరడం. ఇంటి నుంచి స్టాపు దాకా ఒక నడక, దిగాక కాలేజీ దాకా ఇంకో నడక. రెండూ పది నిమిషాలు దాటేవే, కలిపి 25 నిమిషాలు. ఆదివారం తప్ప ఆరు రోజులు.

తను చెబుతుండగానే పక్క కాగితం మీద లెక్క వేశాను. బరువైన గంప మోయడం కష్టమైన శ్రమ కింద 8 × 20 × 4, అంటే 640. నీళ్లు మోయడాన్ని జాగ్రత్తకి ఓ మోస్తరు శ్రమగానే వేశాను, 4 × 15 × 7, అంటే 420. నడక 3.3 × 25 × 6, అంటే 495. మొత్తం 1,555. కష్టమైన శ్రమ కనీసం మూడు రోజులు ఉండి మొత్తం 1,500కి తగ్గకపోతే "ఎక్కువ" వర్గం. తన చేత్తో తను రాసిన ఫామ్ ప్రకారం ఈ అమ్మాయి "తక్కువ" వర్గంలో ఉంది. ఆ పాత ఫామ్ అలాగే కంప్యూటర్‌కి ఎక్కి ఉంటే, పేదింటి ఆడపిల్లలు బద్ధకంగా ఉంటున్నారని ఎక్కడో ఒక పట్టికలో అచ్చయ్యేది. ఆ ఆలోచన నన్ను చాలా రోజులు వదల్లేదు.

అప్పట్నుంచి ఫామ్ అడిగే ముందు అందరి దగ్గరా వారాన్ని వెనక్కి తిప్పించడం అలవాటు చేసుకున్నాను. తెల్లకాగితం మీద ఏడు గళ్లు గీసి మధ్యలో పెట్టేదాన్ని. "గత ఏడు రోజుల్లో" అని అడిగితే ఎవరికైనా కళ్లముందు ఏమీ కనిపించదు. "మొన్న శనివారం గుడికి వెళ్లారా? ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోనే ఉన్నారా? వాన పడిన రోజు కాలేజీకి ఎలా వచ్చారు?" అని అడిగితే గళ్లు నిండేవి. శనివారం గుర్తొస్తే సింహాచలం మెట్లు గుర్తొస్తాయి, ఆదివారం గుర్తొస్తే ఆర్కే బీచ్‌లో ఫ్రెండ్స్‌తో ఆడిన వాలీబాల్ గుర్తొస్తుంది. ఆ తర్వాతే ఫామ్‌లో ఉన్న ప్రశ్నలు ఉన్నవి ఉన్నట్టుగా చదివేదాన్ని. ప్రశ్న మార్చకూడదు, మారిస్తే వేరే అధ్యయనాలతో పోల్చడానికి పనికిరాదు. ప్రశ్నకు ముందు జ్ఞాపకాన్ని మాత్రం సిద్ధం చేయొచ్చు.

అబ్బాయిల దగ్గర సమస్య ఇంకో వైపు నుంచి వచ్చింది. మద్దిలపాలెం దగ్గర ఒక హాస్టల్లో అడుగుతుంటే ఒకతను రోజుకి రెండు గంటలు, వారానికి ఆరు రోజులు జిమ్ అని చెప్పాడు. 8 × 120 × 6, అంటే 5,760. పక్కనే నలుగురు ఫ్రెండ్స్ నిలబడి వింటున్నారు. తర్వాత అతన్ని విడిగా కూర్చోబెట్టి, జిమ్‌లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి చెప్పమన్నాను. సెట్‌కీ సెట్‌కీ మధ్య విశ్రాంతి ఎంత, ఫోన్ చూసేది ఎంత, మెషీన్ ఖాళీ అయ్యేదాకా ఆగేది ఎంత అన్నీ నిజాయితీగానే చెప్పాడు. చివరికి తేలింది నలభై నిమిషాలు. 8 × 40 × 6, అంటే 1,920. అబద్ధం చెప్పాలని చెప్పింది కాదు. ఎవరైనా జిమ్‌లో గడిపిన టైం చెబుతారు, మనకు కావలసింది కండరం పనిచేసిన టైం. ఆ తేడా అడిగేవాళ్లే విడదీయాలి. అప్పట్నుంచి నలుగురి మధ్య ఎవర్నీ అడగలేదు. ఫిజియోథెరపీ యాప్రాన్ కూడా విప్పేసి వెళ్లేదాన్ని. దాన్ని చూస్తే ఎవరైనా కాస్త పెంచే చెబుతారు, డాక్టర్ దగ్గర స్వీట్లు మానేశామని చెప్పినట్టు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. 5,760 అయినా 1,920 అయినా ఆ అబ్బాయి "ఎక్కువ" వర్గంలోనే ఉంటాడు. వర్గం మారదు, కానీ సగటు ఎక్కడికో పోతుంది. ఇలాంటి పెద్ద అంకెలు కొన్ని కలిస్తే చాలు, ఊరంతా కసరత్తు చేస్తున్నట్టు కనిపిస్తుంది. అందుకే ఐపాక్ నియమాలే సగటుకు బదులు మీడియన్, అంటే అంకెలన్నీ వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చేది, వాడమంటాయి. ఒక రోజులో ఏ ఒక్క రకం శ్రమ అయినా 180 నిమిషాలు దాటితే 180 దగ్గరే ఆపమంటాయి. అన్నీ కలిపి రోజుకి 960 నిమిషాలు, అంటే 16 గంటలు దాటితే ఆ ఫామ్ పక్కన పెట్టేయమంటాయి.

180 నిమిషాల నియమం గురించి మా ఊరివాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ ఉంటుంది. కొండ దిగువన తొలిపావంచా దగ్గర మొదలుపెట్టి అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్ మీదుగా తిరిగి కొండ చుట్టి రావాలి, దాదాపు 32 కిలోమీటర్లు. లక్షల మంది నడుస్తారు, అందులో కుర్రాళ్లు చాలామంది. ఏడాదంతా బండి దిగని వాళ్లు కూడా ఆ రాత్రి కాళ్లు బొబ్బలెక్కేలా నడుస్తారు. ఆ తర్వాతి వారంలో "గత ఏడు రోజుల్లో నడిచారా" అని అడిగితే వాళ్ల నోట వచ్చేది ఆ ఎనిమిది గంటల నడకే. ఫామ్ అడిగేది మామూలుగా ఒక రోజుకి ఎంత నడుస్తారని. ఆ నడక మామూలు రోజుది కాదు. కోత నియమం పెట్టినా 180 నిమిషాలు మిగులుతుంది, అదీ తప్పే. గైడ్ మేడంతో మాట్లాడి ప్రదక్షిణ ముందు నుంచి సర్వే ఆపి, ఆ ఏడు రోజుల గడువులోంచి ప్రదక్షిణ పూర్తిగా బయటపడ్డాకే మళ్లీ మొదలుపెట్టాం. సంక్రాంతి సెలవులకు, పరీక్షల వారానికి కూడా ఇదే వర్తిస్తుంది. ఎప్పుడు అడిగాం అన్నది థీసిస్‌లో కచ్చితంగా రాయాలి.

పది నిమిషాల షరతు నన్ను ఇబ్బంది పెట్టింది. ఎంవీపీ కాలనీ వైపు ఫుడ్ డెలివరీ చేసే ఒక కుర్రాడు రోజంతా బండి మీదే కూర్చుంటాడు, కానీ లిఫ్ట్ లేని అపార్ట్‌మెంట్లలో మూడేసి అంతస్తులు ఎక్కి దిగుతాడు. ఒక్కోసారికి రెండు మూడు నిమిషాలే. రోజు మొత్తం మీద బోలెడు మెట్లు. ఫామ్ ప్రకారం అందులో ఒక్క నిమిషం కూడా చెల్లదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ పది నిమిషాల షరతు తీసేసింది. వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, ఎంత చిన్న ముక్కలుగా చేసినా ఫరవాలేదంది. ఐపాక్ పాతది కాబట్టి షరతు అందులో అలాగే ఉంది. ఫామ్‌లో నియమం ప్రకారమే రాసి, మెట్ల సంగతి మార్జిన్‌లో విడిగా రాసుకున్నాను. తర్వాత థీసిస్‌లో పరిమితుల కింద ఆ మార్జిన్ రాతలే పెట్టాను.

కూర్చునే సమయం ప్రశ్న అన్నిటికన్నా చివర్లో ఉంటుంది, అప్పటికి అందరూ అలసిపోయి ఏదో ఒక అంకె చెప్పేస్తారు. క్లాసులో ఎంత, బస్సులో ఎంత, మంచం మీద పడుకుని ఫోన్ చూసేది ఎంత అని ముక్కలుగా అడిగితే, ముందు చెప్పిన మూడు గంటలు తొమ్మిదో పదో అయ్యేది.

కొంతమందికి నడుముకి యాక్సిలరోమీటర్, అంటే ఒంటి కదలికను నమోదు చేసే చిన్న మెషీన్, కట్టి వారం పాటు ఉంచాం, మాటకీ మెషీన్‌కీ ఎంత దూరమో చూడ్డానికి. ముందే చదివి ఉన్నాను కాబట్టి పెద్దగా ఆశ పెట్టుకోలేదు. ఆ 12 దేశాల అధ్యయనంలోనే, ఒకే మనిషిని రెండుసార్లు అడిగితే జవాబులు బాగా కలిశాయి, సహసంబంధం 0.8 దగ్గర ఉంది (1 అయితే పూర్తిగా కలిసినట్టు). మెషీన్‌తో పోలిస్తే మాత్రం 0.30 దగ్గరే ఆగింది. 2011లో వచ్చిన ఒక సమీక్షలో, చిన్న ఫామ్ అసలు శ్రమ కంటే సగటున 84 శాతం ఎక్కువ చూపిస్తోందని తేలింది. మా దగ్గరా మాట మెషీన్ కంటే ఎక్కువే పలికింది, ముఖ్యంగా కష్టమైన శ్రమ దగ్గర.

అయినా మెషీన్ చెప్పిందే వేదం అనుకోను. నడుముకి కట్టిన మెషీన్‌కి సైకిల్ తొక్కడం సరిగ్గా తెలియదు. నెత్తిమీద గంప ఉందో లేదో తెలియదు. ఒళ్లు కదిలిందని చెప్తుంది, ఎందుకు కదిలిందో చెప్పదు. మా పెద్ద ఫామ్‌లు దాన్ని చెప్పాయి. అమ్మాయిల శ్రమలో ఎక్కువ భాగం ఇంటిపనిలో, రాకపోకల్లో ఉంది. ఖాళీ సమయం గడిలో దాదాపు ఏమీ లేదు. అబ్బాయిలకు ఆ గడిలో క్రికెట్, వాలీబాల్, జిమ్ ఉన్నాయి, ఇంటిపని గడి ఖాళీ. ఇది మా ఊరి సంగతే కాదు. మన దేశంలో మధుమేహం మీద జరిగిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం మొదటి దశలో తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో జీపాక్‌తో అడిగితే 54.4 శాతం మంది తగినంత శ్రమ చేయడం లేదని, ఖాళీ సమయంలో ఆటో వ్యాయామమో చేసేవాళ్లు పదిశాతం కూడా లేరని తేలింది. ఆ ఫలితాలు 2014లో వచ్చాయి.

ఒక మనిషి కచ్చితంగా ఎన్ని నిమిషాలు కదిలాడో చెప్పమంటే ఈ ప్రశ్నావళి పనికిరాదు. ఇద్దరు మనుషుల్లో ఎవరు ఎక్కువ కదిలారో చాలావరకు చెబుతుంది. ఒక గుంపు మొత్తంలో శ్రమ ఎక్కడుంది, ఎక్కడ లేదు అన్నది బాగా చెబుతుంది. అంతవరకే అడిగితే దాన్ని మించిన చవకైన సాధనం లేదు. పెన్ను, కాగితం, వినే ఓపిక ఉన్న మనిషి చాలు.

ఫలితాలు మేం సర్వే చేసిన ఒక కాలేజీలో స్టాఫ్ ముందు చెప్పే అవకాశం వచ్చింది. ఖాళీ సమయం గడి చూపించినప్పుడు ఒక లెక్చరర్ లేచి, "ఆడపిల్లలకు ఆటల మీద ఇంట్రెస్ట్ ఉండదమ్మా" అన్నారు. ఆటలకు అడ్డేమిటని పెద్ద ఫామ్ చివర్లో నేను అదనంగా పెట్టిన ఒక ప్రశ్నకు అమ్మాయిలు రాసిన జవాబులు అక్కడే చదివాను. సాయంత్రం గ్రౌండ్ మొత్తం క్రికెట్ వాళ్లదే అని కొందరు, హాస్టల్ గేటు ఆరింటికే మూసేస్తారని కొందరు, ఇంటికెళ్లి వంట చేయాలని కొందరు రాశారు. షటిల్ కోర్టు ఒక్కటి ఇస్తే రోజూ ఆడతామని రాసిన వాళ్లూ ఉన్నారు. గ్రౌండ్‌లో సాయంత్రం ఒక గంట అమ్మాయిలకు కేటాయించాలని అక్కడే లిఖితపూర్వకంగా అడిగాం. ప్రిన్సిపాల్ గారు కమిటీకి పంపారు. ఇంకా జవాబు రాలేదు. మా జూనియర్లు ఈ ఏడాది అదే కాలేజీలో అవే ఫామ్‌లతో మళ్లీ అడగబోతున్నారు, ఆ ఒక్క ప్రశ్న కూడా ఉంచమన్నాను.